జబ్బు తగ్గింది, భయం తగ్గలేదు

ఒక రాత్రి మా శ్రీమతి రెండుసార్లు దగ్గింది. మూడోసారి దగ్గుతుందేమోనని నేను తెల్లవార్లూ మేలుకునే ఉన్నాను. తెల్లారి ఆవిడ మామూలుగా లేచి, కాఫీ కలిపి తెచ్చి, "ఏమండీ, కళ్ళెందుకలా ఎర్రబడ్డాయి? ఒంట్లో బాగాలేదా?" అని నన్నడిగింది.

2021లో ఆవిడకి రొమ్ము కాన్సరు అని తేలింది. ఆపరేషను, కీమో, రేడియేషను వరసగా జరిగాయి. 2022 వేసవికి చికిత్స పూర్తయి, డాక్టరుగారు "ఇక మామూలుగా ఉండండి" అన్నారు. ఆ మామూలుగా ఉండటమే నాకు చేతకాలేదు. చికిత్స జరిగినన్నాళ్ళూ టిక్కెట్లు, బిల్లులు, మందులు అంటూ ఏదో ఒక పని ఉండేది. పని అయిపోయాక మిగిలింది భయమొక్కటే.

మళ్ళీ వస్తుందేమోనన్న ఈ భయం మా ఇంటికే ప్రత్యేకం కాదు. కాన్సరు వైద్యంలో దీన్నొక విడి సమస్యగానే గుర్తించారు. రోగికే కాక దగ్గరుండి చూసుకునేవాళ్ళకీ ఇది ఉంటుందనీ, కొన్ని ఇళ్ళలో వాళ్ళకే ఎక్కువగా ఉంటుందనీ పరిశీలనల్లో తేలింది.

నేను చేసిన పొరపాటు

ముప్ఫై ఏళ్ళకి పైగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. లెక్క తేలకపోతే నిద్రపట్టదు. డాక్టరు చెప్పకుండానే ఆవిడని బలవంతపెట్టి ఒకచోట స్కాను చేయించాను. ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఉందని రిపోర్టు వచ్చింది. కటక్ వెళ్ళి డాక్టరుగారిని కలిసేదాకా పదిరోజులు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

ఆయన పాత స్కానుతో పోల్చి చూసి, "ఇది మొదటినుంచీ ఉన్నదే, ఎప్పుడో మానిన ఇన్ఫెక్షను తాలూకు మచ్చ. ఇంతకీ ఈ స్కాను ఎవరు చేయించమన్నారు?" అన్నారు. రొమ్ము కాన్సరు చికిత్స అయ్యాక బాధలేమీ లేనివాళ్ళకి ఊరికే స్కానులు, రక్తపరీక్షలు చేయించడంవల్ల ఆయుష్షు పెరగడం లేదని ఇటలీలో జరిగిన రెండు పెద్ద అధ్యయనాలు 1994లోనే చూపించాయట. సాధారణంగా మొదటి మూడేళ్ళు 3 నుంచి 6 నెలలకోసారి, తరవాత రెండేళ్ళు 6 నుంచి 12 నెలలకోసారి, ఆ పైన ఏడాదికోసారి డాక్టరు పరీక్ష, ఏటా ఒక మామోగ్రాం చాలునన్నారు.

తిరుగు రైల్లో బాలుగావ్ దాటాక, కిటికీలోంచి చిల్కా సరస్సు చూస్తూ మా ఆవిడ అంది: "జబ్బు నా ఒంట్లోంచి తీసేశారు. మీ మొహంలోంచి ఎవరు తీస్తారు? పొద్దున్న లేచి మీ మొహం చూసి, నేను బాగున్నానో లేదో తెలుసుకోవలసి వస్తోంది."

కాసేపాగి ఇంకో మాట చెప్పింది. చెకప్పు దగ్గరపడితే ఆవిడకీ నిద్ర పట్టదట. చెబితే నేను ఇంకా బెంగపడతానని చెప్పలేదట. అంటే ఒకే గదిలో ఇద్దరం, ఒకరికోసం ఒకరం నిద్ర నటిస్తున్నామన్నమాట!

మేము చేసుకున్న ఏర్పాట్లు

దేనికి భయపడాలో డాక్టరుగారినే అడిగి కాగితం మీద రాసుకున్నాం. ఆపరేషను మచ్చ దగ్గరో, రెండో రొమ్ములోనో, చంకలోనో కొత్త గడ్డ. విశ్రాంతి తీసుకున్నా తగ్గని ఎముకల నొప్పి. విడవని దగ్గు లేదా తలనొప్పి. కారణం లేకుండా బరువు తగ్గడం. గడ్డ కనిపిస్తే వెంటనే చూపించాలి. తక్కినవి కొత్తగా వచ్చి రెండు వారాలైనా పోకపోతే చూపించాలి. ఆయాసం, ఫిట్స్, కాలూ చెయ్యీ పడిపోవడం లాంటివైతే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఆ కాగితం బీరువా తలుపు లోపల అంటించి ఉంది. అందులో లేని తుమ్మునీ, దగ్గునీ నేను లెక్కవెయ్యకూడదని ఒప్పందం.

రెండోది మా బ్యాంకు పద్ధతే. వసూలు కాని బాకీలకోసం లాభంలోంచి కొంత తీసి పక్కన పెడతాం. అంతేగాని ఉన్న డబ్బంతా దానికే పెట్టి బ్యాంకు మూసుకోం. అలాగే భయానికి సాయంత్రం అరగంట కేటాయించాం. పగలు వచ్చిన దిగుళ్ళు చీటీమీద రాసి ఆ అరగంటలో నడుస్తూ మాట్లాడుకుంటాం. తీరా సాయంత్రానికి వాటిలో సగం చెప్పుకోదగ్గవిగా తోచవు.

మూడోది, మన చేతిలో ఉన్న పని వదలకపోవడం. ఆవిడది హార్మోనులతో పెరిగే రకం కనక రోజూ మాత్ర వేసుకోవాలి. అయిదేళ్ళు తప్పదు, కొందరికి పదేళ్ళు కూడా ఉంటుంది. బాగానే ఉన్నాం కదా అని మధ్యలో మానకూడదు. మాత్ర వేళకి అందించడం నా డ్యూటీ. రాత్రిపూట ఫోనులో జబ్బుల గురించి వెతకడం మాత్రం మానేశాను.

ఇవన్నీ చేసినా వారాలతరబడి నిద్ర లేకపోతే, పని సాగకపోతే, మానసిక వైద్యుణ్ణి కలవడానికి సిగ్గుపడనక్కరలేదు. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోను చెయ్యవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. ఇది మనలాంటివాళ్ళకి ముఖ్యం. బరంపురంలో పుట్టి పెరిగిన నేను ఒడియాలో బేరమాడగలను, ఆఫీసు నడపగలను. భయం చెప్పుకోవాలంటే మాత్రం నాకు తెలుగే కావాలి.

కిందటిసారి మా ఊరి ఠాకురాణీ యాత్రకి జనంలోకి వద్దని ఆవిణ్ణి ఇంట్లోనే ఉంచేశాను. మళ్ళీ యాత్ర రావడానికి రెండేళ్ళు పట్టింది. ఈసారి రాత్రి ఊరేగింపుకి ఇద్దరం కలిసే వెళ్ళాం. జనంలో నేను ఎక్కడ తప్పిపోతానోనని ఆవిడే నా చెయ్యి పట్టుకుని నడిచింది.

వచ్చేనెల మళ్ళీ చెకప్పు ఉంది. భయం లేదని రాస్తే అబద్ధమవుతుంది. కాకపోతే ఇప్పుడు నిద్ర పట్టని రాత్రి, "మేలుకునే ఉన్నావా?" అని అడుగుతున్నాను. "ఆఁ" అంటుంది. లేచి ఇద్దరం చెరో గ్లాసు మజ్జిగ తాగి పడుకుంటాం.