జున్ను గిన్నెలో ఏముంది?

ఎదురింటివాళ్ల ఆవు ఈనింది. మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి పిన్నిగారు చెంబుతో జున్నుపాలు తెచ్చి ఇచ్చారు. మీ అమ్మ వాటిలో మరికొన్ని మామూలు పాలు పోసి, బెల్లం కలిపి, మిరియాలు, యాలకులు దంచి వేసి, గిన్నెను ఆవిరి మీద పెట్టింది. అరగంట పోయాక మూత తీసి చూస్తే పాలు లేవు, చాకుతో కోస్తే ముక్కలయ్యే జున్ను ఉంది! మీరు తిన్నారు, బాగుందన్నారు, ఇంకో ముక్క పెట్టించుకున్నారు. అంతా బాగానే ఉంది గానీ ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోయారు. రోజూ మన ఇంట్లో పాలు కాస్తూనే ఉన్నారు కదా, అవి ఎప్పుడూ ఇలా గడ్డకట్టవేం?

పాలు పెరుగు కావాలంటే తోడు వెయ్యాలి. విరగాలంటే నిమ్మరసం పిండాలి. జున్నుకు ఈ రెండూ అక్కర్లేదు, వేడి తగిలితే చాలు. వేడి తగలగానే గట్టిపడే వస్తువు మన వంటింట్లో మరొకటి ఉంది. అది కోడిగుడ్డు. నీళ్లలా ఉన్న తెల్లసొన ఉడకగానే ముద్ద అవుతుంది. అందులో ఉన్న మాంసకృత్తులు వేడికి తమ ఆకారం పోగొట్టుకుని, ఒకదానితో ఒకటి అల్లుకుపోవడమే దానికి కారణం.

మామూలు ఆవుపాలలో 100 గ్రాములకు సుమారు మూడుంబావు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం కాచినా చెక్కుచెదరని రకం. అదే ఈనిన వెంటనే పితికిన పాలలో, అంటే ముర్రుపాలలో, సుమారు 14 గ్రాములు ఉంటాయి. నాలుగు రెట్లు ఎక్కువ! ఆ ఎక్కువైనదాంట్లో చాలా భాగం వేడికి గట్టిపడే రకమే. వాటిలో ముఖ్యమైనవాటి పేరు మీరు వినే ఉంటారు: ప్రతిరక్షకాలు, ఇంగ్లీషులో యాంటీబాడీలు. రోగాలతో పోరాడేవి అవే. అంటే మీరు బెల్లంతో కలిపి తిన్నది దూడగారి ఆయుధాగారం అన్నమాట.

ఆవు తన పాలలో అన్ని ఆయుధాలు ఎందుకు దాచింది?

కర్ణుడు కవచంతో పుట్టాడని కథ చెప్పుకుంటాం. దూడకు ఆ అదృష్టం లేదు. కడుపులో ఉన్నన్నాళ్లూ దానికి తల్లి రక్తం నుంచి తిండి, ప్రాణవాయువు మాయ ద్వారా అందుతాయి గానీ, ప్రతిరక్షకాలు మాత్రం ఆవు మాయను దాటి రాలేవు. అందుచేత దూడ భూమ్మీద పడే వేళకు దాని రక్తంలో అవి దాదాపు ఉండవనే చెప్పాలి. పడేది ఎక్కడ? పేడా, గడ్డీ, బురదా ఉన్న కొట్టంలో. కోట్లకొద్దీ సూక్ష్మజీవుల మధ్య.

ఈ లోటు తీర్చడానికే ముర్రుపాలు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఎంతటి మంచి మాంసకృత్తయినా కడుపులో పడితే అరిగి ముక్కలైపోతుంది కదా, ఆయుధం ముక్కలైతే ఇంకేం పని చేస్తుంది? ప్రకృతి దీనికీ ఒక దారి చూసింది. పుట్టిన కొత్తలో దూడ పేగు గోడ పెద్ద పెద్ద అణువులను కూడా అరగదీయకుండా యథాతథంగా రక్తంలోకి రానిస్తుంది. కానీ ఆ తలుపు ఎల్లకాలం తెరిచి ఉండదు. పుట్టిన క్షణం నుంచీ మూసుకుంటూ వస్తుంది. ఇరవైనాలుగు గంటలయ్యేసరికి దాదాపు పూర్తిగా మూసుకుపోతుంది. ఆ తరువాత బిందెడు ముర్రుపాలు పట్టినా రక్తంలోకి చేరేది ఏమీ ఉండదు. అందుకే దూడ పుట్టిన గంటా రెండు గంటల్లోనే ముర్రుపాలు తాగించాలని పశువైద్యులు చెబుతారు. మొదటి రోజు మొత్తం మీద దాని బరువులో పదోవంతు పాలు పట్టాలన్నది ఒక లెక్క. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరకు రానివ్వకూడదని కొన్ని చోట్ల పట్టుబడతారు. వాళ్లకు ఈ తలుపు సంగతి తెలియక. మాయ పడేసరికి చాలా గంటలు పట్టవచ్చు. ఈలోగా తలుపు సగం మూసుకుపోతుంది. పదిరోజుల తరువాత ఆ దూడ పారుకుని చచ్చిపోతే దిష్టి తగిలిందని అనుకుంటారు.

తల్లి పాలలో ఇలాంటి రక్షణ ఉందని మొదట నిరూపించింది ఎవరో తెలుసా? జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్. ఆ ప్రయోగంలో మన చేలగట్ల మీద దొరికే గింజలకు కూడా పాత్ర ఉంది! ఆముదం గింజలో ఒక విషం, గురివింద గింజలో మరో విషం ఉన్నాయి (ముచ్చటగా ఉందని గురివింద గింజను నోట్లో వేసుకుని కొరక్కండి, చాలా ప్రమాదం). ఎర్లిక్ 1891 ప్రాంతంలో ఈ విషాలను చిట్టెలుకలకు అతి కొద్దిగా మొదలుపెట్టి, క్రమంగా పెంచుతూ ఇచ్చాడు. కొన్నాళ్లకు ఆ ఎలుకలు మామూలు ఎలుకలు చచ్చిపోయేంత విషాన్ని కూడా తట్టుకున్నాయి. తరువాత వాటి పిల్లలను పరీక్షిస్తే అవీ తట్టుకున్నాయి. తల్లి నుంచి పిల్లకు రక్షణ ఎలా వచ్చింది? కడుపులోనా, పాలలోనా? 1892లో ఎర్లిక్ సులువైన ఎత్తు వేశాడు. పిల్లలను తారుమారు చేశాడు. మామూలు తల్లికి పుట్టిన పిల్లలను విషం తట్టుకునే తల్లి దగ్గర పాలు తాగించాడు. అవి విషాన్ని తట్టుకున్నాయి! అంటే పాలలో ఏదో ఉంది. ఆయనకు 1908లో, మెచ్నికోవ్ అనే మరో శాస్త్రజ్ఞుడితో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది.

మరి మనుషుల సంగతేమిటి? మనం దూడ కన్న కాస్త నయం. మనలో ఒక రకం ప్రతిరక్షకాలు మాయను దాటి బిడ్డ రక్తంలోకి వస్తాయి. అదీ ఎక్కువగా కడుపులో ఉన్న ఆఖరి మూడు నెలల్లో. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు జబ్బులు తొందరగా చేయడానికి ఇదొక కారణం. అయితే మనకూ ముర్రుపాలు కావాలి. తల్లి ముర్రుపాలలో ఉండే ప్రతిరక్షకాలు మరో రకం. ఇవి రక్తంలోకి వెళ్లవు. బిడ్డ గొంతులోనూ పేగుల్లోనూ పూత పూసినట్టు ఉండి, క్రిములు అక్కడ అంటుకోకుండా కాపలా కాస్తాయి. ఇంకో వింత వినండి. తల్లి పేగుల్లో క్రిములను ఎదుర్కొన్న కణాలే కొన్ని ఆమె రొమ్ములకు చేరి అక్కడ ప్రతిరక్షకాలు తయారుచేస్తాయి. ఆమె ఏ ఊరి నీళ్లు తాగిందో, ఏ ఇంటి గాలి పీల్చిందో ఆ క్రిములకే అవి సరిపోతాయి. బిడ్డ పెరగబోయేదీ ఆ ఇంట్లోనే కదా! డబ్బాపాలలో ఆ ఊరి చిరునామా ఉండదు.

అలాంటి పాలను పిండి పారబోసే అలవాటు మన ఊళ్లలో చాలాకాలం ఉంది. పసుపుపచ్చగా, చిక్కగా ఉన్నాయి కాబట్టి చెడ్డపాలని అనుకున్నారు. నిజానికి ఆ రంగు విటమిన్ ఎ గా మారే పదార్థాల వల్ల వచ్చింది. పాలకు బదులు తేనె నాకించేవారు, పంచదార నీళ్లు పట్టేవారు. ఏడాది నిండని పిల్లలకు తేనె మంచిది కాదు, అందులో ఉండే ఒక క్రిమి వల్ల పసిపిల్లలకు పక్షవాతం లాంటి జబ్బు రావచ్చు. మీ ఇంట్లో అక్కకో వదినకో పురుడు వస్తే ఈ మాట మీరే చెప్పండి. బామ్మగారు కోప్పడితే దూడ పేగు కథ వినిపించండి. పాడి తెలిసిన బామ్మ అయితే ఇట్టే ఒప్పుకుంటుంది. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టాలని, ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ఇదంతా అప్పు తెచ్చుకున్న ఆస్తి అని మరిచిపోకూడదు. మాయ ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు సుమారు మూడు వారాలకోసారి సగానికి తరుగుతూ పోతాయి. కర్ణుడి కవచం ఇంద్రుడు వచ్చి అడిగేదాకా ఉంది, ఇది అడక్కుండానే అరిగిపోతుంది. తట్టు టీకాను మన దేశంలో తొమ్మిది నెలలు నిండాక వేస్తారు, ఎందుకో ఊహించండి. తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు ఇంకా బలంగా ఉండగా వేస్తే, అవే టీకాను పట్టుకుని పని చెయ్యనివ్వవు. మరీ ఆలస్యం చేస్తే ఈలోగా జబ్బే రావచ్చు. అందుకని పాత కవచం అరిగి, కొత్తది పోత పోసుకునే వేళ చూసి వేస్తారు.

మరి మీ వయసు వాళ్లు ఏం చెయ్యాలి? అంగట్లో ‘రోగనిరోధక శక్తిని పెంచే’ పొడులు, పానకాలు బోలెడు ఉన్నాయి. అది కుళాయిలా తిప్పితే పెరిగే వస్తువు కాదు. మితిమీరితే అదే జబ్బు. దుమ్ముకీ పుప్పొడికీ తుమ్ములొచ్చే వాళ్లలో ఈ శక్తి తక్కువై కాదు, అనవసరంగా కత్తి దూసి! కావలసింది దానికి ముడిసరుకు, విశ్రాంతి. ప్రతిరక్షకాలు మాంసకృత్తులని చెప్పుకున్నాం కదా, అవి పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగల నుంచే తయారవ్వాలి. ఆకుకూరలూ, బొప్పాయీ విటమిన్ ఎ కోసం. 1986లో ఇండొనేషియా నుంచి వచ్చిన ఒక నివేదిక, ఆ విటమిన్ ఇచ్చిన ఊళ్లలో చిన్నపిల్లల మరణాలు మూడోవంతు తగ్గాయని చూపించింది. ఇక నిద్ర. 2015లో అమెరికాలో 164 మంది ఆరోగ్యవంతుల నిద్రను వారంపాటు కొలిచి, ఆ తరువాత ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేశారు. ఏడు గంటలకు మించి పడుకున్నవాళ్లతో పోలిస్తే ఆరు గంటలకన్న తక్కువ పడుకున్నవాళ్లకు జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లు పైగా ఉంది. పరీక్షల ముందు రాత్రంతా కూచుని చదివేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

‘జున్ను తింటే నాకూ ఆ ప్రతిరక్షకాలు వస్తాయా?’ అని అడుగుతారేమో. రావు. ఆవిరికి వాటి ఆకారం పోయింది, పోకపోయినా మీ పేగు తలుపు ఎప్పుడో మూసుకుంది. రుచి, బలం మాత్రం మీవే.

ఈసారి మీ వీధిలో ఆవు ఈనినప్పుడు ఒక ప్రయోగం చెయ్యండి. ముందు దూడ కడుపునిండా తాగనివ్వండి. ఆ తరువాత మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు, ఐదో రోజు పాలు చిన్న గ్లాసుడు చొప్పున అడిగి తెచ్చుకుని, ఏ రోజువి ఆ రోజే, ఏమీ కలపకుండా ఒకే సైజు గిన్నెల్లో పావుగంట ఆవిరి మీద పెట్టి, ఎంత గట్టిగా పేరుకున్నాయో చెంచాతో నొక్కి చూసి రాసుకోండి. ఏ రోజున జున్ను కావడం మానేసి వట్టి పాలుగా మిగిలిపోతాయో గమనించండి.