కీమోథెరపీ వాయిదా పడిన వేళ

‘రక్తకణాలు తక్కువగా ఉన్నవి, ఈ వారం మందు ఎక్కించలేము.’ దూరప్రాంతం నుండి ఆసుపత్రికి చేరిన క్యాన్సర్ రోగికి ఈ మాట పిడుగుపాటు. రోగి తన తిండినీ, బంధువులు బయలుదేరిన వేళనూ నిందించుకుంటారు. అసలు కారణం వేరు.

కీమోథెరపీ ఔషధాలు త్వరితంగా విభజన చెందే కణాలను హరిస్తాయి. ఎముకల మజ్జలో రక్తాన్ని పుట్టించే కణాలు కూడా అట్టివే. ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 దినాలు. ప్లేట్‌లెట్‌లది 8 నుండి 10 దినాలు. రోగక్రిములను ఎదిరించే న్యూట్రోఫిల్ అనే తెల్లకణం అంతకంటె అల్పాయువు. అందుచేత మజ్జ మందగించగానే అది ముందుగా తరుగుతుంది. పెక్కు ఔషధాలతో 7 నుండి 14 దినాల మధ్య ఈ సంఖ్య అడుగంటి, మూడు నాలుగు వారాలకు కోలుకుంటుంది. పలు చికిత్సలకు 21 దినాల ఎడం పాటించడంలోని ఆంతర్యం ఇదే.

మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్‌లు 1,000 నుండి 1,500 వరకైనా, ప్లేట్‌లెట్‌లు దాదాపు 1,00,000 అయినా ఉండాలని వైద్యులు సాధారణంగా చూస్తారు. ఔషధాన్ని బట్టి హద్దు మారుతుంది. అది చేరకముందే మందు ఎక్కిస్తే సామాన్యమైన క్రిమి సైతం ప్రాణాంతకం కావచ్చు. కనుక వాయిదా రోగి రక్షణకే. చికిత్స విఫలమైనదని దాని అర్థం కాదు. పదేపదే వాయిదా పడినచో, మజ్జను ప్రేరేపించే ఇంజెక్షన్ అవసరమా, మోతాదు మార్చవలెనా అని వైద్యుని అడగాలి. ముందురోజే స్వగ్రామ సమీపంలో రక్తపరీక్ష చేయించుకొనే వీలున్నదేమో కనుక్కుంటే వృథా ప్రయాణం తప్పుతుంది.

ఈ ఎడంలో జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే, రాత్రియైనను వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మరల వాయిదా వేస్తారేమోనని జ్వరాన్ని దాచుట, వైద్యునికి చెప్పక మాత్రతో అణచుట మహాపాయకరం. న్యూట్రోఫిల్‌లను వెంటనే పెంచే ఆహారమేదీ లేదు. ఆకుపసరులు వైద్యునికి తెలుపక సేవించరాదు. బాగా ఉడికిన పప్పు, అన్నం వేళకు తినాలి, చేతులు తరచుగా కడుగుకోవాలి.

మ్రొక్కులున్నవారు ఒక మాట గమనించాలి. కణాలు తగ్గియున్న దినాలలో ఉపవాసం, రద్దీలో దర్శనం, కత్తితో తలనీలాలు తీయించుట కూడవు. మ్రొక్కు ఆగగలదు, కోలుకున్న పిమ్మట తీర్చుకోవచ్చు.

దాతలకు ఒక మనవి. వాయిదా పడిన వారం రోజులు పేదకుటుంబానికి ఆసుపత్రి చెంత బస, భోజనం దొరకుట దుర్లభం. ఆ భారం వహించుట గాని, రక్తమో ప్లేట్‌లెట్‌లో దానం చేయుట గాని ఆ సమయంలో వారికి మిక్కిలి అక్కరకు వచ్చే సాయం.