ఎంపీసీ గుంపు విడిపోయాక

డిగ్రీ కాలేజీలో ఎంపీసీ అంటే ఒకప్పుడు ఒకే గుంపు. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ అందరివీ. పిల్లలు కూర్చున్నచోటే కూర్చుంటే లెక్చరర్లే వచ్చి పాఠం చెప్పి వెళ్లేవారు. 2023-24లో ఆంధ్రప్రదేశ్ సింగిల్ మేజర్ పద్ధతికి మారాక ఆ గుంపు విడిపోయింది. దాంతో ఒక్కొక్కరికి ఒక మేజర్, తోడుగా ఒక మైనర్ వచ్చాయి. పక్కపక్కనే కూర్చుని కెమిస్ట్రీ విన్న ఇద్దరు మరుసటి గంటకు చెరో గదికి పోవచ్చు. హిందూపురమైనా, పెనుకొండైనా, ధర్మవరమైనా ఆ చిక్కంతా వచ్చి పడేది టైంటేబుల్ వేసే లెక్చరర్ మీదే.

గదులు చాలకే క్లాష్‌లు వస్తాయని చాలామంది అనుకుంటారు. గదుల కొరతా ఒక కారణమే. కానీ అసలు ముడి పిల్లల దగ్గర పడుతుంది. కాగితం మీద ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో చుక్క పెట్టండి. రెండు సబ్జెక్టుల్లో ఒక్క విద్యార్థి ఉమ్మడిగా ఉన్నా ఆ చుక్కల మధ్య గీత గీయండి. రెండూ ఒకే లెక్చరర్ చెప్పేవైనా గీత పడాల్సిందే. ఇక పీరియడ్లను రంగులనుకుంటే, గీత కలిపిన చుక్కలకు ఒకే రంగు పడకూడదు. లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్స్ ఒకదానితో ఒకటి ముడిపడితే మూడు పీరియడ్లు కావాలి; పది గదులు ఖాళీగా ఉన్నా రెండింటిలో ఇమడవు. చరిత్రకు కంప్యూటర్స్‌తో మాత్రమే గీత ఉందా? దాన్ని లెక్కల పీరియడ్‌లోనే వేరే గదిలో పెట్టేయొచ్చు.

నాలుగు చుక్కలైతే సరే. వారానికి 36 పీరియడ్లు, పది క్లాసులు ఉన్నాయనుకుంటే వాటిని అమర్చే తీర్లు 36 కోట్ల కోట్ల పైమాటే. సెకనుకు వంద కోట్ల అమరికలు చూసే యంత్రానికీ 42 రోజులు పడుతుంది. మరో రెండు క్లాసులు చేరిస్తే 150 ఏళ్లు!

అందుకే అన్నీ చూడరు. ఎక్కువ గీతలున్న చుక్కకే ముందు రంగు వేయాలని 1967లో వెల్ష్, పావెల్ అనే పరిశోధకులు ఒక తేలిక దారి చూపారు. అనుభవమున్న లెక్చరర్లు స్టాఫ్‌రూంలో చేసేదీ దాదాపు అదే. వరసగా గంటలు కావాల్సిన ల్యాబ్, వారంలో రెండు రోజులే వచ్చే గెస్ట్ లెక్చరర్: వీటిని ముందు పెన్నుతో రాసేసి, మిగతావి పెన్సిల్‌తో నింపుతారు. గెస్ట్ లెక్చరర్ల సంగతి చిన్నదేం కాదు. సెక్షన్లు మారకుండా, లెక్చరర్లంతా అన్ని వేళలా దొరికితే టైంటేబుల్ సులువుగా తేలుతుంది. వాళ్లు వచ్చే వేళలకు హద్దులు పడగానే, ఎప్పుడూ త్వరగా జవాబిచ్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకని లెక్కల కోవలోకి అది చేరిపోతుందని 1976లో ఎవెన్, ఇటాయ్, షమీర్ అనే పరిశోధకులు చూపారు.

క్లాష్ లేకపోతే పని అయిపోయినట్టేనా? లేపాక్షి నుంచి పదిహేను కిలోమీటర్లు బస్సులో హిందూపురం వచ్చే అమ్మాయికి పొద్దున తొమ్మిదికి ఒక క్లాసు, మధ్యాహ్నం మూడింటికి ఇంకొకటి పడితే కాగితం మీద తప్పేమీ కనిపించదు. ఆమెకు మాత్రం రోజంతా పోయినట్టే. దీన్నీ తప్పుగానే లెక్కించాలి.

మూడింటి క్లాసును పదికి జరిపితే, దానితో ముడిపడ్డ పదింటి క్లాసులు మూడింటికి పోవాలి. వాటితో ముడిపడ్డ మూడింటి క్లాసులు పదికి రావాలి. ఆ గొలుసు తెగేదాకా మార్చుకుంటూ పోతే కొత్త క్లాష్ ఒక్కటీ పుట్టదు. గదులు సరిపోతాయా, ఆ వేళకు లెక్చరర్లు దొరుకుతారా అన్నవి మాత్రం చూసుకోవాలి. ఈ ఉపాయం లండన్ న్యాయవాది కెంపేది. పక్కపక్క ప్రాంతాలకు ఒకే రంగు పడకుండా ఏ పటానికైనా నాలుగు రంగులు చాలని నిరూపించానంటూ ఆయన 1879లో ప్రకటించిన వాదనలో ఉందది. ఆ వాదనలో లొసుగుందని 1890లో గణితజ్ఞుడు హీవుడ్ బయటపెట్టారు. గొలుసు మార్పిడి మాత్రం నిలిచింది. ఈనాటి టైంటేబుల్ ప్రోగ్రాములు ఎన్నో మూడింటి క్లాసును పదికి తెచ్చేది దాంతోనే.