రైలుకట్ట - నడకబాట

శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా నుండి పర్లాకిమిడి మీదుగా గుణుపురమునకు పోవు రైలుమార్గము సుమారు 90 కిలోమీటర్లు. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఈ మార్గము 1900లో పర్లాకిమిడి వరకును, 1931లో గుణుపురము వరకును తెరువబడినది. రెండున్నర అడుగుల ఎడముగల పట్టాలపై తిరిగిన ఆ చిన్నబండి 2004లో నిలిచిపోయినది. 2011 నాటికి పెద్దపట్టాలపై రైలు మరల గుణుపురము చేరినది. కాని రైలు మరల రాని దారులు ప్రపంచములో చాల కలవు. వాని కట్టలను ఏమి చేయవలెను?

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున 1986లో రైళ్లు నిలిచిపోయిన ఒక మార్గము, 1990 మొదలుకొని నడకకును సైకిలుకును బాట అయినది. దీనిని కేటీ బాట అందురు. పొడవు సుమారు 385 కిలోమీటర్లు. అంత దూరమును పెద్ద ఆయాసము లేక పోగలుగుటకు కారణము రైలు బలహీనతయే.

రైలుకు బలహీనత యేమి అని ఆశ్చర్యపడవచ్చును. ఉక్కుపట్టాపై ఉక్కుచక్రము దొర్లునపుడు నిరోధము చాల తక్కువ. సమతలముపై టన్ను బరువును మెల్లగా లాగుటకు రెండు మూడు కిలోగ్రాముల బలము చాలును. అదే దారి నూరు మీటర్లకు ఒక మీటరు ఎక్కినచో, టన్నుకు మరి పది కిలోగ్రాములు కావలెను. అనగా లాగుడు సుమారు అయిదింతలగును! పైగా నున్నని పట్టాపై ఇంజను చక్రములు జారును. అందుచేతనే ఇంజనీర్లు మిట్టలను త్రవ్వి, పల్లములలో కట్టపోసి, కొండ అడ్డువచ్చిన చుట్టు తిరిగి పోవుదురు. కొత్తవలస నుండి అరకు వైపు పోవు మార్గములోని సొరంగములు ఈ లెక్క ఫలితమే.

ఖర్చు రైలు కొరకు, లాభము సైకిలువానికి. మనిషి, సైకిలు కలిసి 80 కిలోగ్రాములనుకొందము. నూటికి ఒకటి వాలులో ఎక్కుటకు కావలసిన అదనపు బలము 800 గ్రాములు మాత్రమే. ఇరువదికి ఒకటి వాలుగల రోడ్డుపై అది 4 కిలోగ్రాములు. రైలుకట్ట ప్రక్కన చేతులు చాచినట్లుండు చిన్న స్తంభముపై 200 అని యున్నచో, 200 మీటర్లకు ఒక మీటరు వాలని అర్థము. విద్యార్థులు ప్రయాణములో కిటికీ నుండి చూచి ఈ లెక్క తామే వేసికొనవచ్చును.

ఐతే కట్ట విలువ అది తెగకుండుటలోనే యున్నది. నడుమ ఒక వంతెన కూలినను, ఒక ఫర్లాంగు భూమి అన్యాక్రాంతమైనను బాట రెండు ముక్కలగును. వానిని మరల కలుపుట ఎంత కష్టమో భూమి కొన్నవారికే తెలియును! అందుకే 1983లో అమెరికా ఒక చట్టము చేసినది. పనిలేని రైలుమార్గమును బాటగా వాడుకొనవచ్చును. కాని అవసరమైనపుడు పట్టాలు మరల వేయుటకు వీలు నిలిచియుండును. జనులు నడచుచున్నంతకాలము ఆ మార్గము చట్టము దృష్టిలో విడిచిపెట్టినదిగా ఎంచబడదు. కేటీ బాట ఆ చట్టము క్రిందనే ఏర్పడినది.