కిటికీ అద్దముతో పోట్లాడు పిట్టలు
కారణములు – నివారణ పద్ధతులు

తెలతెలవారుచుండగా కిటికీ అద్దముపై టకటకమని చప్పుడగును. ఎవరో తట్టుచున్నారని ఇంటివారు లేచి చూతురు. బయట ఒక చిన్న పిట్ట అద్దమును ముక్కుతో పొడుచుచు, రెక్కలతో కొట్టుచు, ఒకసారి వెనుకకు పోయి మరల మీదికి దుముకుచుండును. తోలినచో పోవును, రెండు నిమిషములలో మరల వచ్చును. ఇట్లు రోజుల తరబడి, ఒక్కొక్కచోట వారముల తరబడి జరుగును. అద్దమునిండ రెట్టలు, మరకలు పడును. ఇంటివారికి నిద్ర చెడును.

ఇది కీడుకు సూచన యని కొందరు భయపడుదురు. పోయిన పెద్దలు వచ్చి పిలుచుచున్నారని కొందరు దిగులుపడుదురు. విసుగెత్తిన పిల్లలు ఉండేలు తీయుదురు. భయమునకు గాని, ఉండేలుకు గాని ఇచ్చట పని లేదు. కారణము తెలిసికొన్నచో నివారణ సులభము, ఖర్చు స్వల్పము.

ఈ తగాదా ఎందుకు వచ్చుచున్నది?

రైతునకు పొలము గట్టు ఎట్టిదో, గూడు కట్టు కాలములో పిట్టకు తన హద్దు అట్టిది. ఆ హద్దులోని చెట్టు, పొద, పురుగు, పండు తన జంటకును, పుట్టబోవు పిల్లలకును ఆధారము. అదే జాతికి చెందిన మరియొక పిట్ట ఆ హద్దులోనికి వచ్చినచో దానిని తరిమివేయును. సాధారణముగా ఈ పోరు కూతతోను, బెదిరింపుతోను ముగియును. వచ్చిన పిట్ట వెనుదిరిగి పోవును.

బయట వెలుతురు ఎక్కువగాను, గదిలోపల చీకటిగాను ఉన్నప్పుడు కిటికీ అద్దము నిలువుటద్దమువలె పనిచేయును. పిట్ట అందులో తన రూపును చూచి, మరియొక పిట్ట తన హద్దులో చొరబడినదని తలచును. ఇది బెదిరించినచో అదియు బెదిరించును. ఇది పొడిచినచో అదియు పొడుచును. నిజమైన శత్రువైనచో ఎప్పుడో ఒకప్పుడు పారిపోవును గాని, అద్దములోని శత్రువు ఎన్నటికిని పారిపోడు. అందువలననే ఈ పోరు తెగదు.

ఇంగ్లండు దేశమున డేవిడ్ లాక్ అను శాస్త్రజ్ఞుడు అచ్చటి ఎఱ్ఱరొమ్ము రాబిన్ పిట్టలను పరిశీలించి 1943లో ఒక గ్రంథము ప్రకటించెను. ప్రాణములేని పిట్టబొమ్మను హద్దులో ఉంచినను అవి దానిపై తిరుగబడినట్లును, కొన్ని పిట్టలు వట్టి ఎఱ్ఱ ఈకల గుత్తినే శత్రువుగా భావించినట్లును ఆయన కనుగొనెను. ఈకల గుత్తినే శత్రువనుకొను పిట్ట, అద్దములో నిండు రూపు కనబడినప్పుడు మోసపోవుటలో వింత యేమున్నది?

మన ప్రాంతపు పిట్టలు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు పూర్వము కృష్ణా జిల్లా మెట్టలోనివి. 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నవి. ఈ మెట్ట గ్రామములలో అద్దములపై పోరాడునవిగా ముఖ్యముగా ఈ క్రింది పిట్టలను గమనింపవలెను.

పిగిలిపిట్ట: నల్లని తల, ముదురు గోధుమరంగు ఒడలు, తోకక్రింద ఎఱ్ఱని మచ్చ కలది.

నల్లంచి: మగది నల్లగా నుండి, రెక్కపై తెల్లని మచ్చ కలిగి, తోక నిక్కించి తిరుగును. పెద్ద నలంచి నలుపు తెలుపులు కలిసి ఇంతకంటె పెద్దదిగా నుండును.

తేనెపిట్ట: వంకర ముక్కు గల చిన్నపిట్ట. గూడుకట్టు కాలములో మగది నీలిమెరుపుతో నిగనిగలాడును.

ఎండకాలము మొదలు తొలకరి దాటువరకు ఈ పిట్టలు గూళ్లు కట్టుకొనుట ఎక్కువ. అద్దముల బాధయు ఆ కాలములోనే హెచ్చు.

పాతకాలపు పెంకుటిండ్లకు, పూరిండ్లకు కొయ్య తలుపులు, ఇనుప కమ్ములు మాత్రమే ఉండెడివి. డాబా ఇండ్లకు వెడల్పైన అద్దపు కిటికీలు, వానిపై నల్లని పొరలు వచ్చిన తరువాత పిట్టకు ఈ చిక్కు పెరిగినది. శత్రువును చూపినది మన అద్దమే కాబట్టి, దానిని మరుగుచేయవలసిన బాధ్యతయు మనదే.

పిట్టను ఎందుకు కాపాడవలెను?

ఈ పిట్టలు రైతునకు పరాయివి కావు. నల్లంచి నేలమీదను, గట్లమీదను పురుగులను, చెదలను ఏరి తినును. తేనెపిట్ట పూవులపై వాలి పరాగసంపర్కమునకు తోడ్పడుచు, పిల్లలకు చిన్న పురుగులను, సాలీళ్లను పెట్టును. పిగిలిపిట్ట జామ, మామిడి పండ్లను కొంత పాడుచేయుమాట నిజమే గాని, అదియు పురుగులను తినును. ప్రత్తి, మిరప సాగుచేయు మన మెట్టలో పురుగుమందులకు అగు ఖర్చు రైతులకు తెలియనిది కాదు. ఉచితముగా పనిచేయు సహాయకులను పోగొట్టుకొనుట తెలివి కాదు.

పిగిలిపిట్ట 2 లేక 3 గ్రుడ్లు పెట్టును. పొదుగుటకు సుమారు 14 దినములు పట్టును. ఆ దినములలో అద్దముతో పోరాడు పిట్ట కాపలాకు, పిల్లల మేతకు కావలసిన కాలమును, బలమును వ్యర్థము చేసికొనును. ముక్కు చిట్లి రక్తము కారుటయు కలదు. మనము పిట్టను చంపినచో గూటిలోని పిల్లలును ఆకలితో చావవచ్చును.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అడవి పిట్టలను చంపుట, పట్టుట నేరము. వాని గ్రుడ్లను పాడుచేయుట, గూళ్లను కదలించుటయు నేరమే. ఈ సంగతిని గ్రామోద్యోగులు ప్రజలకు తెలియజెప్పవలెను.

నివారణ పద్ధతులు

సూత్రమొక్కటే: బయటినుండి చూచినప్పుడు అద్దములో ప్రతిబింబము కనబడకూడదు. ఏ పని చేసినను అద్దమునకు బయటి వైపుననే చేయవలెను. లోపల తెర వేసినచో ప్రయోజనముండదు. ముదురురంగు తెర వేసినచో ప్రతిబింబము ఇంకను స్పష్టమగును.

1. పాత చీర, గోనెపట్టా, ఎరువుల సంచి, వార్తాపత్రిక – వీనిలో ఏదైన ఒకటి అద్దముపై బయటినుండి కట్టవలెను లేక అంటింపవలెను. పిట్ట పోరాడు భాగమును మూసిన చాలును. ప్రక్క కిటికీకి మారినచో దానిని కూడ మూయవలెను.

2. వెలుతురు కావలసినచో సబ్బునురుగును గాని, నీటిలో కలిపిన సుద్దను గాని బయట పూయవలెను. కాలము ముగిసిన పిదప కడిగివేయవచ్చును. పచ్చి సున్నము అద్దమును పాడుచేయును కావున వాడరాదు.

3. శాశ్వతమైన ఉపాయము బయటివైపున దోమల జాలీ బిగించుట. ప్రతిబింబము తగ్గును, దోమలును రావు. జాలీని బిగువుగా కట్టవలెను. వదులుగా వ్రేలాడు వలలో పిట్టలు చిక్కుకొనును.

4. పిట్ట వాలుటకు వీలుగా కిటికీ ఎదుట దండెము, కుండీ ఉన్నచో కొన్నాళ్లు ప్రక్కకు జరుపవలెను. గూడున్న కొమ్మను మాత్రము నరుకరాదు.

5. మోటారు సైకిలు, ట్రాక్టరు అద్దములపైనను పిట్టలు పోరాడును. బండి నిలిపినప్పుడు అద్దమునకు గుడ్డసంచి తొడుగవలెను. బయలుదేరునప్పుడు తప్పక తీయవలెను.

గుడ్లగూబ బొమ్మలు, ప్లాస్టిక్ పాములు, టపాకాయలు రెండుమూడు దినములకంటె ఎక్కువ పనిచేయవు. పిట్ట వానికి అలవాటుపడును. అద్దమునకు జిగురు పూయుట, విషపు గింజలు చల్లుట క్రూరమైన పనులు. పెరటికోళ్లకు, పిల్లలకు కూడ ముప్పు తెచ్చును.

ఢీకొను పిట్టల సంగతి వేరు

అద్దములో ఆకాశమును, చెట్లను చూచి, దారి యున్నదని భ్రమించి వేగముగా వచ్చి ఒక్కసారి ఢీకొని పడిపోవు పిట్టలు వేరు. అవి పోరాడుటలేదు, మోసపోవుచున్నవి. అట్టిచోట అద్దము బయటివైపు అంతటను 2 అంగుళములకు మించని ఎడముతో చుక్కలు గాని, నిలువు గీతలు గాని పెట్టవలెను. నడుమ ఒక్క బొమ్మ అంటించిన చాలదు.

పడిన పిట్టను గుడ్డతో మెల్లగా ఎత్తి, గాలి రంధ్రములు గల అట్టపెట్టెలో ఉంచి, నిశ్శబ్దమైన చీకటి చోట పెట్టవలెను. నోటిలో నీరు పోయరాదు. గంట రెండు గంటలలో తేరుకొన్నచో బయట వదలవలెను. తేరుకొననిచో పశువైద్యునికిగాని, అటవీశాఖ వారికిగాని చూపవలెను. పిట్టను ముట్టిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

గ్రామోద్యోగులు, ఉపాధ్యాయులు తమ కార్యాలయములయొక్కయు, పాఠశాలలయొక్కయు అద్దములను ముందుగా సరిచేసి చూపినచో ఊరివారు తామే నేర్చుకొందురు. పాత చీర ముక్క ఒకటి కొన్ని వారములు కట్టియుంచిన చాలును. పిట్ట తన గూటికి మరలును, ఇంటివారికి నిద్ర దక్కును, ఆ పిట్ట పిల్లలు మన చేలలో పురుగులను ఏరును.