కోత యంత్రాల ట్యాంకులలో కలుషిత డీజిల్ – నిర్ధారణ

వరి కోతల వేళ హార్వెస్టర్ నిలిచిపోతే పక్వమైన పంటలో గింజ రాలుడు నష్టం పెరుగుతుంది. భారం పడగానే ఇంజిన్ శక్తి తగ్గడం, కొత్త ఫిల్టర్ సైతం త్వరగా మూసుకుపోవడం ఇంధన కాలుష్యానికి తొలి సూచనలు. సగం ఖాళీగా నెలల తరబడి ఉంచిన ట్యాంకులో గాలిలోని తేమ నీరుగా మారుతుంది. లీటరు డీజిల్ సుమారు 0.83 కిలోలు, నీరు 1 కిలో తూగుతాయి కనుక నీరు అడుగుకు చేరుతుంది. ఈ రెండింటి సరిహద్దులో శిలీంధ్రాలు, బాక్టీరియా వృద్ధి చెందుతాయి.

యంత్రాన్ని రాత్రంతా కదపకుండా ఉంచి, ఉదయం ఇంజిన్ ప్రారంభించక ముందే ట్యాంకు అడుగు నుండి నమూనాను గాజు సీసాలోకి తీయాలి. రెండు ట్యాంకులుంటే వేర్వేరుగా సేకరించాలి. తేరిన పిదప అడుగున ప్రత్యేక పొర ఏర్పడితే నీరు, నడుమ నల్లని జిగురు కనిపిస్తే సూక్ష్మజీవులు, ఎర్రని రేణువులుంటే తుప్పు ఉన్నట్లు భావించవచ్చు. ఫిల్టర్ మార్చినంత మాత్రాన సమస్య తీరదు. ట్యాంకును ఖాళీ చేసి శుభ్రపరచాలి. కోతలు ముగిశాక ట్యాంకును నింపి ఉంచడం ఉత్తమ నివారణ.