ఎగిరెడు ఆటలు

పిల్లలు ఫోనులలో ఆడు వీడియో ఆటలన్నచో మనకు కోపమే గాని, వానిలో నేమున్నదో చూచు తీరిక మనలో ననేకులకు లేదు. నాకును లేకుండెను. గడచిన వేసవిలో పండ్రెండేండ్ల మా యమ్మాయి ఎన్నిసార్లు పిలిచినను పలుకక ఫోనుపై వంగి యుండగా, నేను దానిని లాగికొంటిని. "అమ్మా, ఒక్కసారి నీవాడి చూచి, తరువాత తిట్టుము" అనెను. అంత మాట విన్న పిదప చూడకుండుట న్యాయము గాదు.

ఆ యాట పేరు టైనీ వింగ్స్. జర్మనీ దేశస్థుడు ఆండ్రియాస్ ఇల్లిగర్ 2011లో వెలువరించినది. అందొక బొద్దుపిట్ట కలదు. రెక్కలు మిక్కిలి చిన్నవగుటచే తనంత నెగురజాలదు. ఎదుట నంతయు మిట్టపల్లములు. పల్లమునకు దిగునపుడు తెరపై వ్రేలు నొక్కినచో పిట్ట బరువెక్కి జారును. మిట్ట యెక్కువేళ వ్రేలు తీసినచో, ఆ జారిన వేగమే దానిని మింటికి విసరును. వెనుకనుండి రాత్రి తరుముకొని వచ్చును. చీకటి క్రమ్మినచో ఆట ముగియును. నేను మొదట మిట్టలపైననే నొక్కి, పిట్టను మాటిమాటికి నేలకు కొట్టితిని. అమ్మాయి పకపక నవ్వెను. పదియవసారి కాబోలు, సరియైన క్షణమున వ్రేలు తీసితిని. పిట్ట లేచెను. నా కడుపులో నేదో తేలికయైనట్లు తోచెను. ఈలోగా పొయ్యిపై పాలు పొంగిపోయినవి.

ఆ తేలికదనము నాకు క్రొత్త గాదు. అట్లతద్దినాడు తెల్లవారకముందే ఉయ్యాలలో నిలిచి యూగినవారెల్ల దాని నెరుగుదురు. ఉయ్యాల పైకొసకు పోయి మరలి రాకమునుపు, ఒక రెప్పపాటు దేహమునకు బరువుండదు. నాకు పండ్రెండు నిండగనే "పెద్దదానవైతివి, నిలిచి యూగరాదు" అని మా నాయనమ్మ మాన్పించెను. అటుపిమ్మట నేనూగినదెల్ల ఒడిలో బిడ్డనుంచుకొని కూర్చుండియే.

మన కావ్యములలో గాలిలో సంచరించినవారు పలువురు కలరు. పుష్పకమెక్కినవారికి శ్రమ లేదు, కూర్చున్న చాలును. అయినను పిల్లలు మరల మరల చెప్పుమని యడుగునది హనుమంతుని లంఘనమునే. వాల్మీకి ఆ మహావీరుని ఊరక యెగురనీయడు. ఆయన పాదములూనగా మహేంద్రగిరి యెట్లు కంపించెనో, చెట్ల పూలెట్లు రాలెనో, కొండనుండి నీరెట్లు చిమ్మెనో చూపిన పిదపనే పైకి పంపును. ఎగురుటలోని సుఖము బరువునుండియే పుట్టును. మంచి ఆటలు చేయువారికి ఈ మర్మము తెలిసినట్లున్నది. మీట నొక్కినంతనే గమ్యము చేర్చు సౌకర్యము కూడ అనేకమైన ఆటలలో కలదు. అది పుష్పకము, పనికి మంచిదే, ముచ్చట లేదు.

మా యన్నగారి కుమారునికి ప్రాణమైనది స్పైడర్‌మాన్ 2. అమెరికాలోని ట్రెయార్క్ సంస్థవారు 2004లో చేసినది. 2002లో వారే చేసిన మొదటి ఆటలో సాలెవీరుని దారము ఆకాశమునకే అంటుకొనినట్లుండెడిది. ఇందు దారము న్యూయార్కు మేడలకు నిజముగా తగిలి పట్టుకొనవలెను. దానిని విడుచు క్షణమే కిటుకు. ఊపు అడుగున నుండగా విడిచినచో వేగము హెచ్చు గాని ఎత్తు రాదు; కొసదాక నాగినచో ఎత్తుండును గాని వేగము చచ్చును. రెంటి నడుమ విడువవలెను. ఇది విని మావారు, లోలకపు పాఠమునకు ఇక దారము, గుండు అక్కరలేదని నవ్విరి.

ఈ యాటలు కొందరికి తలత్రిప్పును, వికారమును కలిగించును. కన్ను కదలికను చూచుచుండగా, చెవిలోపల మన తూగును కనిపెట్టు భాగము కదలిక లేదని చెప్పుటయే దానికి కారణము. అట్టివారు వెంటనే మానవలెను. మా యింట దీపాలవేళ దాటినచో ఫోను బీరువాలోనికి పోవును. ఆ నియమము మారలేదు.

నా మనసున నిలిచినది వేరొకటి, ఎ షార్ట్ హైక్ అనునది. కెనడావాసి ఆడమ్ రాబిన్సన్-యు 2019లో చేసెను. క్లేర్ అను పక్షిపిల్ల యొక ద్వీపమునకు వచ్చును. అచట ఫోను అందదు. ముఖ్యమైన కబురు కొరకు ఎదురుచూచుచు, శిఖర మెక్కినచో అందునని బయలుదేరును. బంగారు ఈక దొరికిన కొలది ఇంకొకసారి రెక్కలల్లార్చుటకు, మరికొంత కొండ ప్రాకుటకు శక్తి కలుగును. తొందర లేదు, నడుమ చేపలును పట్టవచ్చును. శిఖరముపై మ్రోగిన ఫోనులో తల్లి గొంతు వినవచ్చును. ఆమెకు శస్త్రచికిత్స జరిగినది; ఇపుడు క్షేమము. పిదప క్లేర్ రెక్కలు చాచి క్రిందికి తేలిపోవుచుండగా, అమ్మాయి మాటలేక నా భుజముపై తల వాల్చెను. క్రిందటి మాఘమాసమున నేను ఆసుపత్రిలో నున్న పది దినములును అది యెవరితోను సరిగా మాటలాడలేదని మావారు చెప్పియుండిరి. నేనంతగా పట్టించుకొనలేదు.

రానున్న అట్లతద్దికి పెరటి వేపకొమ్మకు మోకు కట్టించితిని. అమ్మాయి నిలిచియే యూగును. "నీవును నిలిచెదవా?" అని యడిగెను. మావారు కొమ్మను పట్టి వ్రేలాడి చూచి, మోయునని చెప్పిరి.